‘ఎవరి ద్వారా’ అనే గడి

మా ఆయనకు మనుషులు కనపడరు, శాతాలు కనపడతాయి. పుట్టింటికి వెళ్లి చెప్పుకోవలసిన ఫిర్యాదే ఇది. కానీ అక్కడ కూడా అల్లుడు గారినే వెనకేసుకొస్తారు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. పెళ్లయిన కొత్తలో ఒకసారి, నన్ను చూడక ముందు ఇంకెంతమందిని చూశారని గోముగా అడిగాను. ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టి, “నీతో కలిపి ఏడుగురు. ఒకటి కుదిరింది. పద్నాలుగు శాతం, ఫర్వాలేదు,” అన్నారు. ఆ ‘ఫర్వాలేదు’ నాకా, శాతానికా అన్నది ఇరవై రెండేళ్లయినా తేలలేదు.

ఆయనకు ‘శాతం గారు’ అని పేరు పెట్టింది నేను కాదు, ఆయన సొంత అక్క. మా వదిన. పొద్దున్నే మేడ మీంచి దిగుతూ, “ఏమే మరదలా, మీ శాతం గారు లేచారా, ఇంకా ఎనభై శాతం నిద్రలోనే ఉన్నారా?” అనేది. నేను నవ్వాపుకోలేక టీ వడకట్టే గుడ్డ జారవిడిచేదాన్ని. ఆ ఎండాకాలం మొదలయ్యేటప్పటికి మా ఇంట్లో అలా నవ్వుకునేవాళ్లు ఇద్దరుండేవారు.

మంచాన పడ్డవాళ్లకు ఇంట్లో కావలసిన వస్తువులు అమ్మడం మా వ్యాపారం. గాలి పరుపులు, చక్రాల కుర్చీలు, వాకర్లు, మంచం పక్కన పెట్టుకునే కమోడు కుర్చీలు. కింద హాలంతా గోడౌను, ముందుగదిలో ఆయన కంప్యూటరు, వంటింటి గట్టు మీద ఆర్డర్ల ఫోను. అమ్మి పెట్టడానికి ఆయనకు ఇంకో ముప్పై మంది ఉండేవారు. వాళ్ల ముఖాలు మేమెప్పుడూ చూడలేదు. ఒకరు ఆరోగ్యం గురించి వీడియోలు చేస్తారు, ఇంకొకరు తగ్గింపు కూపన్లు పంచుతారు. తమ పేజీ అడుగున మా సరుకు లింకు పెడతారు. ఆ లింకు నొక్కి మా సైటుకు వచ్చినవాడు కొంటే వాళ్లకు కమీషను. చూసి వెళ్లిపోతే ఏమీ లేదు. సంబంధాలు చెప్పే పేరయ్యల పద్ధతే: చూపుల దాకా తెస్తే చాలదు, పెళ్లి జరగాలి. అలా వచ్చిన వందమందిలో ఎంతమంది కొన్నారన్నదే కన్వర్షన్ రేటు. మా ఆయన ముఖం కడుక్కోకముందే ఆ రేటు చూసుకునేవారు.

ఆ ముప్పై మంది తర్వాత ముప్పై ఒకటో మనిషి మా వదిన.

ఆవిడ భర్త మూడేళ్లు మంచంలో ఉండి చనిపోయారు. ఆ తర్వాత మా మేడ మీద గదిలోకి వచ్చింది. వచ్చిన నెలకే, ఊరికే కూర్చుంటే గోడలు మాట్లాడుతున్నాయని ఫోన్లో ఒక పేజీ మొదలుపెట్టింది. మూడేళ్లలో నేర్చుకున్నదంతా అందులో రాసేది. బొమ్మలుండవు, గొప్పలుండవు. ఒకటి నాకింకా గుర్తుంది: ‘చక్రాల కుర్చీ కొనేముందు మీ స్నానాల గది తలుపు టేపు పెట్టి కొలవండి. కుర్చీ కన్నా తలుపు రెండంగుళాలైనా వెడల్పు లేకపోతే కొనకండి. నేను కొలవకుండా కొన్నాను. ఆయన మూడేళ్లూ ఆ తలుపు బయటే స్నానం చేశారు.’

ఆవిడ కొంగు ముడిలో తాళంచెవులు కాదు, ఒక కొలత టేపు ఉండేది.

“అక్కా, నువ్వు అమ్మిస్తున్నావా, ఆపిస్తున్నావా?” అని మా ఆయన ఒకరోజు భోజనాల బల్ల దగ్గర నిలదీశారు.

“పనికొచ్చేదైతే కొనుక్కుంటార్రా.”

“నీ పేజీ నుంచి నెలకి రెండువేల మంది వస్తున్నారు. కొంటున్నది ఎనిమిది మంది.”

“నెలకి ఎనిమిది ఇళ్లలో కొత్తగా మనిషి మంచాన పడ్డాడంటే అయ్యో అనాలిగాని, ఇంతేనా అంటావేంట్రా?”

“సున్నా పాయింటు నాలుగు శాతం అక్కా! ఆ కూపన్ల వాణ్ని చూడు, వందకి ఏడుగుర్ని కొనిపిస్తాడు.”

“వాడు వడ్డించేవాడురా. అంతా అయ్యాక విస్తరి దగ్గరకొచ్చి గరిటె పట్టుకుంటాడు. వండిందెవరో కనుక్కో ముందు.”

నేను పకపకా నవ్వాను. ఆయన నావైపు చూసి, “నీకు ప్రతిదానికీ నవ్వే,” అన్నారు. నవ్వే మరి. డిగ్రీలో లెక్కలు చదివి వంటింట్లో ఫోను ఎత్తుకుంటున్నదాన్ని, నవ్వకపోతే ఎలా బతకను?

అన్యాయం చేసే మనిషి కాదాయన. అది కూడా చెప్పాలి. సైటులో కొనడం చేతకానివాళ్లు ఫోను చేసి ఆర్డరిస్తారు కదా, వాళ్లను పంపినవాళ్లకు లెక్కలో అన్యాయం జరగకూడదని నాకొక పొడుగు పుస్తకం తెచ్చిచ్చారు. తారీఖు, పేరు, ఫోను నెంబరు, వస్తువు, చిరునామా. చివరి గడి మీద ఆయనే స్కేలు పెట్టి రాశారు: ‘ఎవరి ద్వారా’.

“మా సంగతి మీకెవరు చెప్పారని అడిగి ఇందులో రాయి. నెలాఖరుకు వాళ్ల లెక్కలో కలుపుతాను,” అన్నారు.

అంటే భిన్నంలో కింది అంకె కంప్యూటరు రాస్తుంది, పై అంకెలో కొంత నేను రాస్తాను. లెక్కలు చదివినదానికి ఇది ఒకరు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం వంటింట్లో ఇద్దరమే ఉన్నాం. వదిన కింద చాప మీద ఉతికిన దుప్పట్లు మడత పెడుతోంది. నేను గిన్నెలు తోముతున్నాను. ఫోను మోగితే తడి వేలితో స్పీకరు నొక్కాను.

“అమ్మా, నేను బస్సు డ్రైవర్ని, రిటైరయ్యాను,” అంది ఒక పెద్ద గొంతు. ముప్పై ఏళ్లు ఇంజను మీదుగా మాట్లాడిన గొంతు. “అక్కగారి పేజీ చూసి చేస్తున్నానమ్మా. ఆవిడ రాసినట్టే మా ఇంటిదాని వీపు తిప్పి చూశాను. నడుం దగ్గర ఎర్రబడింది. గాలి పరుపు కావాలి. ఆ కంప్యూటర్లో నొక్కడాలు నాకు రావు. అడుగున మీ నెంబరుంటే కాగితం మీద ఎక్కించుకుని చేస్తున్నా. అక్కగారు మీరేనామ్మా?”

“కాదండి,” అన్నాను.

వదిన దుప్పటి ఒళ్లో పెట్టుకుని వింటోంది. “రెండు గంటలకోసారి పక్కకి తిప్పమను. పరుపుంది కదాని వదిలెయ్యొద్దను,” అని గుసగుసగా నాకు చెప్పింది. నేను చెప్పాను.

“ఆవిడ అక్కడే ఉన్నారా! ఒక్కసారి ఇవ్వండమ్మా, దణ్ణం పెట్టుకుంటా!”

ఇచ్చాను. ఇరవై నిమిషాలు మాట్లాడింది. అరికాళ్ల కింద దిండు ఎలా పెట్టాలో, దుప్పటి ముడతలు పడకుండా ఎలా పరవాలో, ఆయన ఏ వేళకు తినాలో కూడా. అవతల ఆ పెద్ద గొంతు చిన్నపిల్లాడి గొంతులా “ఆఁ, ఆఁ,” అంటోంది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. వదిన ఫోను పెట్టేసి కళ్లు తుడుచుకుని, “పాపం, వంట కూడా ఆయనేనట,” అంది.

నేను పుస్తకం తీశాను. తారీఖు రాశాను. పేరు, నెంబరు, గాలి పరుపు, చిరునామా. చివరి గడిలో అడ్డంగా ఒక గీత గీసి మూసేశాను. చేయి తడిగా ఉంది. పొయ్యి తుడవాలి. ఏడేళ్లుగా ఆ ఫోను ఎత్తుతున్నాను. ‘మీరెవరమ్మా?’ అని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

ఆ గీత మొదటిది కాదు.

ఎండాకాలం సగంలో మా ఆయన ఏరివేత మొదలుపెట్టారు. జనం వస్తున్నారు గాని కొనడం లేదని, సైటు ఉత్త రద్దీతో ఊగిపోతోందని, ఒక శాతం కన్నా తక్కువ ఉన్నవాళ్లందరినీ తీసేయాలని. వారం రోజులు ముందుగదిలో అదే పని. ఆ వారంలోనే ఒకసారి నా పుస్తకం పట్టుకెళ్లి, సాయంత్రానికి తెచ్చి గట్టు మీద పెట్టేశారు. ఏమీ అడగలేదు. గీత పెట్టి ఉంటే చెప్పలేదనే అర్థం కదా.

ఆదివారం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. వదిన ఫోను టింగుమంది. ఎవరో పాఠకులు ప్రశ్న అడిగారనుకుని కళ్లజోడు పెట్టుకుంది. పైకే చదివింది.

“‘ప్రియమైన భాగస్వామీ, గత ఆరు నెలల మీ పనితీరును సమీక్షించిన మీదట, మీ కన్వర్షన్ రేటు మా కనీస ప్రమాణాన్ని అందుకోలేదని తెలియజేయడానికి చింతిస్తున్నాము. దయచేసి మా లింకులను, సంప్రదింపు వివరాలను మీ పేజీ నుంచి తొలగించగలరు.’”

మా ఆయన ముద్ద చేతిలోనే ఉంది. “అక్కా, అది... పదకొండు మందికీ ఒకేసారి వెళ్లిపోయింది. నీకు విడిగా నేనే చెబుదామనుకున్నా.”

“బాగా రాశావురా. తప్పుల్లేవు.”

“నిన్నొక్కదాన్నీ ఉంచితే మిగతా పదిమందికి నేనేం చెప్పను? లెక్కంటే లెక్కే కదా. నీకిక్కడ ఏం తక్కువ చెప్పు? పేజీ రాసుకో, ఎవరొద్దన్నారు? లింకొక్కటే కదా.”

వదిన కళ్లజోడు తీసి కంచం పక్కన పెట్టింది. “తమ్ముడింట్లో అన్నం తింటున్నానని ఎప్పుడూ అనుకోలేదురా నేను. పనిచేసే చోట తింటున్నాననుకున్నా.”

ఆయన చేతిలో ముద్ద కంచంలో పెట్టేశారు.

“ఫోన్లో వచ్చినవాళ్లని కూడా చూశావా?” అంది వదిన, మెల్లగా.

“చూడకుండా ఉంటానా? ఆర్నెల్ల పుస్తకం తిరగేశానక్కా. నీ పేరు మీద ఒక్కటి కూడా లేదు.”

వదిన నావైపు చూసింది. కోపంగా కాదు. పరీక్ష హాల్లో పక్కవాళ్లు పెన్సిలు ఇస్తారేమోనని చూస్తారే, అలా.

నేను మంచినీళ్ల కోసం లేచి వంటింట్లోకి వెళ్లాను. నీళ్ల జగ్గు బల్ల మీదే ఉంది.

తిరిగొచ్చేసరికి వదిన కంచం తీసుకుని లేచి వెళ్లిపోయింది.

ఇరవై రోజుల తర్వాత ఆవిడ వెళ్లిపోయింది. పోట్లాట లేదు, అలక లేదు. పేజీ చదివేవాళ్లలో ఒకావిడ తన తల్లిని చూసుకోవడానికి మనిషి కావాలని ఎప్పట్నుంచో అడుగుతోందట. ఇంట్లోనే గది, భోజనం, జీతం. బస్సులో ఆరు గంటల దూరం. “మూడేళ్లు జీతం లేకుండా నేర్చుకున్న పని, ఇప్పుడు జీతం ఇస్తామంటున్నారు. ప్రమోషనే కదే!” అంది నాతో, చీరలు పెట్టెలో సర్దుకుంటూ. నేను నవ్వాను. ఆవిడ చెప్పే ప్రతిదానికీ నవ్వడం నాకప్పటికి అలవాటైపోయింది.

బస్సు దగ్గర మా ఆయన పెట్టె పైకెక్కిస్తూ, “పదిరోజుల్లో వచ్చేస్తుంది, చూస్తూ ఉండు, తొంభై శాతం,” అన్నారు నాతో. గొంతు మాత్రం ముప్పై శాతమే పలికింది.

“నేను లేకపోతే మీ ఆయన్ని వెక్కిరించడానికి నీకు తోడెవరే?” అంది వదిన.

“ఫోన్లో వెక్కిరించుకుందాం వదినా.”

ఆవిడ కొంగు ముడి విప్పి టేపు తీసి నా చేతిలో పెట్టింది. “ఫోను చేసినవాళ్లని తలుపు కొలుచుకోమని చెప్పు. మర్చిపోకు.” బస్సెక్కబోతూ ఆగింది. కండక్టరు అరుస్తున్నాడు. “ఇంకేమైనా చెప్పాలా నాకు?” అంది.

“కిటికీ పక్కన కూర్చో వదినా. గాలి తగులుతుంది,” అన్నాను.

వానలు వచ్చాయి. మా సైటు రేటు ఒకటి పాయింటు తొమ్మిది నుంచి మూడు పాయింటు ఒకటికి పెరిగింది. మా ఆయన నన్ను వంటింట్లోంచి లాక్కెళ్లి కంప్యూటరు మీద మెట్టు ఎక్కినట్టున్న గీత చూపించారు. చూసి వెళ్లిపోయేవాళ్లను రానివ్వకుండా చేస్తే, వచ్చినవాళ్లలో కొనేవాళ్ల శాతం పెరక్కేం చేస్తుంది? గుమ్మం ముందు నిలబడ్డ జనాన్ని తరిమేసి, లోపల ఉన్నవాళ్లంతా మావాళ్లే అని మురిసిపోయినట్టు. ఆ మాట పైకి అనలేదు. లెక్కల గురించి నోరు విప్పే ధైర్యం ఆ రోజుల్లో నాకు లేదు.

రేటు పెరిగింది, సరుకు మాత్రం కదల్లేదు. గాలి పరుపుల పెట్టెలు హాల్లో కిటికీ ఎత్తు దాకా పేరుకున్నాయి. వంటింటి ఫోను మూగబోయింది. రోజుకి రెండు మూడుసార్లు మోగి నా ప్రాణం తీసే ఫోను, వారానికొకసారి కూడా మోగడం లేదు. ఒకరోజు మోగితే పరిగెత్తుకెళ్లి ఎత్తాను.

“నేనే,” అన్నారు మా ఆయన ముందుగదిలోంచి. “ఫోను పనిచేస్తోందా లేదా అని.”

మా వదిన, చెప్పినమాట వినే మనిషి. తొలగించగలరని రాస్తే లింకుతో పాటు మా ఫోను నెంబరు కూడా తొలగించింది.

ఒక ముసురు రోజు మధ్యాహ్నం గేటు ముందు ఆటో ఆగింది. పొడవాటి ముసలాయన ఒకాయన గొడుగు చంకలో ఇరికించుకుని, ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన మూట రెండు చేతులతో పట్టుకుని దిగారు. తను తడుస్తున్నారు గాని మూట మీద చినుకు పడనివ్వడం లేదు. ముందుగదిలో మా ఆయన లేచి నిలబడ్డారు. నేను తువ్వాలు తెచ్చాను.

“బస్సు డ్రైవర్నండి. ఎండాకాలంలో పరుపు తీసుకున్నా. మా ఇంటిది పోయి పదకొండు రోజులైంది,” అన్నారాయన.

మా ఆయన కుర్చీ జరిపారు. “తిరిగి తీసుకోవాలంటే...”

“తిరిగి ఇవ్వడానికి కాదు బాబూ. కడిగి ఆరబెట్టి తెచ్చా. కొనలేనివాళ్లెవరికైనా ఇవ్వండి. అలా చెయ్యమని అక్కగారే రాశారు కదా.” చుట్టూ చూశారు. “ఆవిణ్ని ఒకసారి పిలుస్తారా? ఒక్క మాట చెప్పి వెళ్లిపోతా.”

“ఏ అక్కగారు?” అన్నారు మా ఆయన. నిజంగానే తెలియక.

“పేజీ రాసే అక్కగారు. రోజూ ఒకసారి ఆవిడ రాసింది చదివి, రెండు గంటలకోసారి తిప్పేవాణ్ని. ఒక్క పుండు లేదు బాబూ. వీపు మీద ఒక్క పుండు లేకుండా పోయింది. స్నానం చేయించినవాళ్లు కూడా అన్నారు, ఇన్నాళ్లు మంచంలో ఉన్న మనిషిలా లేదని.” ఆయన తువ్వాలు ముఖానికి పెట్టుకుని కాసేపు తీయలేదు. “అది చెబుదామని వచ్చా.”



“మా అక్క ఇక్కడ లేదండి,” అన్నారు మా ఆయన. “ఊరెళ్లింది.”

“అయ్యో. మా వీధిలో ఇంకో ముగ్గురు కొన్నారు ఆవిడ మాట మీద. ముగ్గురూ ఫోన్లోనే. మావన్నీ ముసలి వేళ్లు కదా.”

మా ఆయన ముఖంలో ఏదో మారింది. లెక్క తప్పిన చోటు దొరికినప్పుడు మారుతుంది అలా. “ఫోన్లో చెప్పారా మీరు? అక్క పేజీ చూసి చేస్తున్నామని చెప్పారా?”

డ్రైవరు గారు నావైపు చూశారు. నా గొంతు ఆయనకు తెలుసు. తువ్వాలిచ్చేటప్పుడు ‘కూర్చోండి’ అన్నాను కదా, అప్పుడే పోల్చుకుని ఉంటారు. ముప్పై ఏళ్లు అద్దంలో వెనకాల మనుషుల ముఖాలు చూస్తూ బండి నడిపిన మనిషి. నా ముఖం చదవడానికి ఆయనకు ఎంతసేపు పట్టింది గనక.

“చెప్పాననుకున్నా బాబూ,” అన్నారు నెమ్మదిగా. “చెప్పలేదేమో. వయసు మీద పడింది, ఏం గుర్తుంటున్నాయి!”

ఆయన వెళ్లాక మా ఆయన పుస్తకం తీసి ముందేసుకున్నారు. ఆరు నెలల్లో రెండొందల అరవై గీతలు. రెండు రోజులు కూర్చుని అన్ని నెంబర్లకూ ఆయనే ఫోన్లు చేశారు. అవతల ఎంతమంది పోయారో, ఎంతమంది ఇంకా మంచంలోనే ఉన్నారో అన్నీ విని, ఆ తర్వాత అడిగేవారు: “మా సంగతి మీకెవరు చెప్పారండి?” రెండొందల ఇరవై ఎనిమిది మంది అక్కగారన్నారు. సైటులో కొన్నవాళ్లతో కలిపితే వదిన రేటు వందకి రెండు పాయింటు మూడు.

“నువ్వు అడగలేదా?” అన్నారు నాతో. అరవలేదు.

“చేయి ఖాళీగా ఉండేది కాదు,” అన్నాను. అది అబద్ధం కాదు. నిజం కూడా కాదు.

ఆయన పుస్తకం మూసేశారు. “నిజమే. వంటపనిలో ఉన్న మనిషికి ఆ గడి కూడా అప్పగించి, అన్ని గీతలు కనపడుతుంటే ఒక్కసారైనా ఇదేంటని అడగలేదు నేను. తప్పు నాది.”

ఇక్కడే నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు. తప్పు తనదని ఒకరు ముందుకొచ్చి నిలబడితే వెనకాల ఎంత చోటు ఉంటుందో, అక్కడ నక్కినవాళ్లకే తెలుసు.

మర్నాడే ఆయన బస్సెక్కారు. ఆ రెండు పాయింటు మూడు కాగితం మీద రాసి జేబులో పెట్టుకుని మరీ వెళ్లారు. రెండో రోజు ఒక్కరే తిరిగొచ్చారు.

“ఏమంది?”

“పర్లేదురా అంది. కాగితం చూసి, ఇప్పుడు పాసయ్యానన్నమాట అని నవ్వింది. రానంది.” చెప్పులు విప్పి మేడమెట్ల మీద కూర్చున్నారు. “ఆవిడ నవ్వితే నేను ఏడ్చానే. అక్క ముందు.”

ఆ తర్వాత ఆయన శాతాలు చెప్పడం మానేశారు. నా మీద ఒట్టు, ఈ మనిషి నోరు ఆ ఒక్క విషయంలో మూతపడితే బాగుండునని ఇరవై రెండేళ్లు కోరుకున్నాను. ఇప్పుడు కూరలో ఉప్పెక్కువైనా ఏమీ అనకుండా తిని లేచిపోతున్నారు. నేను కావాలనే ఒకరోజు గుప్పెడు ఎక్కువేసి చూశాను. నీళ్లు తాగి లేచారు. పొద్దున్నే మేడమెట్ల వైపు ఒకసారి చూసి ముందుగదిలోకి పోతారు. పనివాళ్ల దగ్గర, చుట్టాల దగ్గర, “అక్కని నా చేతులతో నేనే పంపేశాను,” అని చెప్పుకుంటారు. పక్కనే నేను, తేలు కుట్టిన దొంగలా, కప్పుల్లో టీ పోస్తూ.

నెల రోజులు చూశాను. ఆ టేపు వంటింటి సొరుగులో చెంచాల కింద ఉంది. సొరుగు తీసిన ప్రతిసారీ తగులుతుంది. ఒక ఉదయం దాన్ని సంచిలో వేసుకుని, ఆయనకు అన్నం మూత పెట్టి, బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. గాలి తగల్లేదు.

ఆ ఇంటి గది చిన్నది. మంచం మీద పిట్టంత ముసలావిడ, కళ్లు మూసుకుని ఉన్నారు. వదిన నన్ను గుమ్మంలో చూసి, రా అనలేదు, ఏంటిలా అనలేదు. గోడ గడియారం చూసింది.

“సరైన టైముకొచ్చావే. ఈవిణ్ని తిప్పాలి. ఆ పక్కకి రా. భుజం కింద చెయ్యి పెట్టు. లాగకూడదు, దొర్లించాలి. ఆఁ.”

ఇద్దరం చెరో వైపు వంగాం. ముసలావిడ బరువే లేదు. వదిన జుట్టు చెవి పక్కన బాగా నెరిసింది. మా ఇంట్లో ఉండగా నెరవలేదో, నేను చూడలేదో.

“టేపు తెచ్చాను వదినా,” అన్నాను.

“నీకిచ్చింది మళ్లీ తెచ్చావెందుకే?”

“ఎవరూ ఫోను చెయ్యట్లేదు. ఎవర్ని కొలుచుకోమని చెప్పను?”

వదిన నవ్వలేదు. ముసలావిడ వీపు వెనక దిండు సర్దుతూ, “నన్ను రమ్మనడానికైతే అనవసరంగా ఆరు గంటలు కూర్చున్నావు. నేను రాను. ఈవిడకి నేను కావాలి, నాకూ ఈ పని కావాలి. మీ ఆయన వచ్చి తప్పు నాదని చెప్పి వెళ్లాడుగా. చాలు, ఆ సంగతి అయిపోయింది,” అంది.

“ఆ డ్రైవరు గారు ఫోను చేసిన రోజు నువ్వు పక్కనే ఉన్నావు.”

“ఉన్నాను.”

“నేను పుస్తకంలో గీత పెట్టడం చూశావు.”

వదిన ముసలావిడ జాకెట్టు పైకి తీసి వీపు చూసింది. తెల్లగా, శుభ్రంగా ఉంది. మళ్లీ కిందికి లాగింది. “చూశాను.”

“మరి ఆ ఆదివారం ఎందుకు చెప్పలేదు?”

“నువ్వు చెప్తావనుకున్నా,” అంది. “నీళ్లు తెచ్చాకైనా.”

నా చేయింకా ముసలావిడ భుజం కిందే ఉంది. తీస్తే ఆవిడ వెనక్కి వాలిపోతారేమోనని తీయలేదు.

“అడక్కపోవడం కాదు వదినా. వాళ్లు చెప్పారు. ఒక్కొక్కరూ ఫోనెత్తగానే నీ పేరే చెప్పారు. ‘అక్కగారు మీరేనా?’ అని నన్నడిగేవాళ్లు. కాదని చెప్పీ చెప్పీ... ఆ గడిలో నిన్ను రాయబుద్ధి కాలేదు. ఆయన తప్పు కాదు. తప్పు నాది.”